ఎనభై అయిదు డిగ్రీల సమన్యాయం

కనుకుంట్ల మైసయ్యకు ఈ లోకంలో శత్రువంటూ ఉంటే అది సీనియర్ ఆడిట్ ఆఫీసర్ దక్షిణామూర్తి గారొక్కరే. ఆయన మైసయ్యను తిట్టలేదు, కొట్టలేదు, కనీసం గొంతు పెంచి మాట్లాడనైనా లేదు. ఒక రిజిస్టరులో రెండు అంకెల కింద పెన్సిల్‌తో గీతలు గీశారు, అంతే. ఆ గీతలు పాకి పాకి ఎంత దూరం పోయాయో చెప్పాలంటే ముందు మైసయ్య చేసే పని గురించి నాలుగు ముక్కలు చెప్పుకోవాలి.

నగరం ఉత్తరపు అంచున ప్రభుత్వ కంపన ప్రమాణాల సంస్థ అని ఒకటుంది. అందులో తయారయ్యేది అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన ఒక ఇనప డబ్బా. దాని లోపల గుండీ అంత క్వార్ట్జ్ బిళ్ళ ఒకటి ఉంటుంది. దాన్ని అక్కడ అందరూ క్రిస్టల్ అంటారు. అది సెకనుకు కోటిసార్లు కంపిస్తుంది. కొండల మీది రేడియో టవర్లు ఆ లెక్కను నమ్ముకునే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఆ కోటి కాస్త అటో ఇటో అయిందా, ఒకరి మాట ఇంకొకరికి అందదు. క్రిస్టల్‌కి ఉన్న జబ్బల్లా ఒక్కటే, వేడి మారితే లెక్క తప్పుతుంది. అందుకని దాన్ని డబ్బా లోపల చిన్న కొలిమిలో కూర్చోబెట్టి, బయట ఎండ కాసినా మంచు కురిసినా లోపల ఒకే వేడి ఉండేట్టు చూస్తారు.

ఆ వేడి ఎంతన్నది మాత్రం ఏ ఇంజనీరూ బల్ల ముందు కూర్చుని చెప్పలేడు. ఒక్కో క్రిస్టల్‌కి ఒక్కో చోటు ఉంటుంది. వేడి పెంచుకుంటూ పోతే లెక్క ఎక్కుతూ ఎక్కుతూ ఒకచోట ఆగి, మళ్ళీ దిగడం మొదలుపెడుతుంది. ఆ ఆగిన చోట కొలిమిని నిలబెడితే, వేడి వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా క్రిస్టల్ లెక్క తప్పదు. పుస్తకాల్లో దానికేదో పేరుంది. తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసిన మైసయ్య దాన్ని కుదురు అనేవాడు, కుండ కింద పెట్టే కుదురు లాంటిదని. ఇంజనీర్లకు కూడా ఆ మాటే అలవాటైంది. ఒక్కో క్రిస్టల్ కుదురు పట్టడానికి ఒకటిన్నర రోజు పడుతుంది. పట్టాక డబ్బా మీద పెన్సిల్‌తో 83.4 అనో, 86.2 అనో రాసి, కొలిమిని ఆ వేడి దగ్గరే ఆపే రెసిస్టరు అతికేవాడు. పందొమ్మిదేళ్ళుగా చేస్తున్న పని అది. ఈ పందొమ్మిదేళ్ళలో ఏ కొండ మీదినుంచీ ఒక్క ఫిర్యాదు రాలేదు. ఫిర్యాదు రాకపోవడం వల్లే ఆ మూలన మైసయ్య అనేవాడొకడున్నాడని కూడా ఎవరికీ తెలియలేదు.

జూలైలో దక్షిణామూర్తి గారికి తెలిసింది.

"ఒకే టెండరు, ఒకే సరఫరాదారు, ఒకే ధర," అన్నారాయన రిజిస్టరు ముందుకు తిప్పి. "అయితే ఈ క్రిస్టల్‌కి 82.6 డిగ్రీలు మంజూరు చేశారు. దీని పక్కదానికి 87.1. నాలుగున్నర డిగ్రీల వ్యత్యాసం. ఏ ప్రాతిపదిక మీద?"

"దాని కుదురు గాడున్నది సార్."

"ఎవరు నిర్ణయించారు?"

"క్రిస్టలే సార్. నేను జూసి రాసిన, గంతే."

"క్రిస్టల్‌కి నిర్ణయాధికారం ఏ జీవో ద్వారా దఖలుపడింది?"

మైసయ్యకు నవ్వొచ్చింది. ఆ నవ్వు పెదవుల మీదికి రాకముందే దక్షిణామూర్తి గారు పెన్సిల్ తీసి 82.6 కింద ఒక గీత, 87.1 కింద ఒక గీత గీశారు. వారం తిరిగేసరికి ఆ రెండు గీతలూ పెరిగి ఆడిట్ నివేదికలో పేరా 17 అయ్యాయి. 'సమాన ధరకు కొనుగోలు చేసిన సామగ్రి మధ్య ఉష్ణ పంపిణీలో పక్షపాతం. సదరు పక్షపాతం వల్ల కొన్ని క్రిస్టళ్ళు అనుచిత లబ్ధి పొందినట్టు, మరికొన్ని నష్టపోయినట్టు ప్రాథమికంగా తేలినది. బాధ్యుడు: కె. మైసయ్య, టెక్నీషియన్.'

మామూలు రోజుల్లో అయితే మైసయ్య ఆ కాగితాన్ని మడిచి బల్ల కాలు కింద పెట్టుకునేవాడు. ఇవి మామూలు రోజులు కావు. ఉద్యోగుల ఇళ్ళ సొసైటీలో తొమ్మిదేళ్ళుగా వాయిదాలు కడుతూ వచ్చిన ప్లాటుంది, కీసర దారిలో, నంబరు 88. ఒక్క వాయిదా మిగిలింది, అన్నిటికన్నా పెద్దది. గడువు మార్చి ముప్పై ఒకటి. అది కట్టాలంటే ప్రావిడెంటు ఫండు లోంచి తీయాలి. తీయాలంటే తన పేరు మీద ఆడిట్ అభ్యంతరం ఏదీ లేదన్న సర్టిఫికెట్ కావాలి. ఆ సర్టిఫికెట్ జతపరిచిన దరఖాస్తు మీద సంస్థ టపా కిటికీ ముద్ర పడితే చాలు, డబ్బు చేతికొచ్చేదాకా ఆగుతామని సొసైటీ వాళ్ళు మాటిచ్చారు. ముద్ర పడకపోతే ఏప్రిల్ ఒకటిన ప్లాటు వెయిటింగ్ లిస్టులో తరువాతి మనిషికి పోతుంది.

"ఏమయ్యా, నువ్వు ఏం దొంగతనం జేసినవని రాసిండు ఆయన?" అంది మైసయ్య భార్య అండాలు.

"ఒకదానికి ఎక్కువ వేడి ఇచ్చిన, ఒకదానికి తక్కువిచ్చిన అంటుండు."

"ఇచ్చినవా?"

"ఇచ్చిన."

"మరి అందరికీ సమానం ఇయ్యకపోయినవా? పంచాయితే లేకపోవు."

మైసయ్య ఆమె వంక చూశాడు. ఇరవై ఏడేళ్ళు కాపురం చేసినా తన పనేమిటో ఆమెకు చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఇప్పుడు చెప్పే ఓపిక లేదు.

"జవాబు రాస్త," అన్నాడు.

జవాబు రాశాడు. అతను చెబితే ఇంజనీరు ఝాన్సీ దాన్ని ఆఫీసు భాషలో పెట్టింది. ఆమె వచ్చి రెండేళ్ళు. పరీక్షల విభాగమంతటిలో పుస్తకం చదివి అర్థం చేసుకున్నది ఆమె, పుస్తకం చదవకుండా అర్థం చేసుకున్నది మైసయ్య. మిగతావాళ్ళు అర్థం చేసుకోకుండా సంతకాలు చేస్తారు.

జవాబు పట్టుకుని మైసయ్య టపా కిటికీ దగ్గరికి పోయాడు. కిటికీ లోపల గుమాస్తా హనుమంతు ముద్ర ఎత్తిపట్టుకుని తల వెనక్కి తిప్పి గోడ గడియారం చూశాడు.

"నాలుగు యాభై ఎనిమిది. ఇంకో రెండు నిమిషాలైతే రేపు రమ్మనేవాణ్ణి, మైసయ్యా."

"అసలు టైము నాలుగు నలభై ఏడే గదనే. నీ గడియారం పదకొండు నిమిషాలు ముందుంటది."

"నాకు అయిదు పదికి బస్సు. ఇది ముందుండకపోతే నేను వెనకుంటా," అని హనుమంతు ముద్ర కొట్టాడు. సెకనును కోటి ముక్కలు చేసి లెక్కపెట్టే సంస్థలో టపా విభాగం గడియారం పదకొండు నిమిషాలు ముందుకు నడుస్తుందన్న సంగతి అందరికీ తెలుసు. దాన్ని సరిచేయడానికి మాత్రం ఏ విభాగానికీ అధికారం లేదు.

మూడు వారాలకు ఆడిట్ నుంచి తిరుగు జవాబొచ్చింది. 'క్రిస్టళ్ళకు వేర్వేరు స్వభావాలున్నట్టు కొనుగోలు ఆర్డరులో ఎక్కడా పేర్కొనబడలేదు. పేర్కొనబడని స్వభావం ఉన్నట్టు భావించుటకు వీలులేదు. వివరణ సంతృప్తికరముగా లేదు. పేరా కొనసాగును.'

పేరా కొనసాగేసరికి డైరెక్టర్ పరాంకుశం గారు కమిటీ వేశారు. ఆయనకు కమిటీ అంటే ప్రాణం. దాని పేరు ఉష్ణ సమన్యాయ కమిటీ. అధ్యక్షుడు డైరెక్టరు గారు, మార్గదర్శి దక్షిణామూర్తి గారు, సాంకేతిక సభ్యురాలు ఝాన్సీ. మైసయ్యను ప్రత్యేక ఆహ్వానితుడిగా పిలిచారు. అంటే గోడకు ఆనుకుని నిలబడవచ్చు, కుర్చీ ఉండదు.

"ఈ సంస్థలో సిబ్బంది మధ్య మేము ఏనాడూ వివక్ష చూపలేదు," అన్నారు పరాంకుశం గారు. "అటువంటప్పుడు నోరు లేని క్రిస్టళ్ళ మధ్య చూపడం నైతికంగా సమర్థనీయమా అన్నది మన ముందున్న ప్రశ్న. దక్షిణామూర్తి గారి పేరా నా కళ్ళు తెరిపించింది."

"పందొమ్మిదేళ్ళ రిజిస్టరు సగటు తీయించాను," అన్నారు దక్షిణామూర్తి గారు వినయంగా. "84.93 వచ్చింది. ప్రభుత్వ వనరులను చిల్లరగా పంచడం మంచి సంప్రదాయం కాదు కనుక 85.0కి సవరించవచ్చు."

"అందరికీ ఎనభై అయిదు," అన్నారు పరాంకుశం గారు. ఆ మాట ఆయనకే నచ్చి, ఇంకోసారి మెల్లగా అనుకున్నారు.

ఝాన్సీ లేచింది. "సార్, మన స్టాఫ్ చెప్పుల సైజు సగటు తీస్తే ఎనిమిది వస్తుందనుకోండి. అందరికీ ఎనిమిదే కొనిస్తామా?"

పరాంకుశం గారు పెన్ను మూత తీసి కాగితం మీద ఏదో రాసుకున్నారు. ఆమె గెలిచిందని మైసయ్య అనుకున్నాడు. కమిటీలు ఎలా పనిచేస్తాయో అతనికి తెలియదు.

"పాదరక్షల విషయంలోనూ మనం వెనకబడి ఉన్నామని ఈ యువ అధికారిణి గుర్తుచేశారు," అన్నారు పరాంకుశం గారు. "అభినందనీయం. మినిట్స్‌లో రాయండి. కొనుగోలు విభాగం పరిశీలనకు."

బయటికొచ్చాక ఝాన్సీ మెట్ల మీద ఆగిపోయింది. "మైసన్నా, నేను ఏమన్నానసలు?"

"మంచిగనే అన్నవమ్మా. వాళ్ళకు చెప్పుల లెక్క సమజైంది, కుదురు లెక్క గాలే."

"మీరు 85కి పెట్టనని రాసివ్వండి. నేనూ సంతకం పెడతా."

మైసయ్య మెట్లు దిగుతూ లెక్క చూసుకున్నాడు. పెట్టనంటే పేరా ఉంటుంది. పేరా ఉంటే ప్లాటుండదు. ఆ మధ్యాహ్నం అతను రబ్బరు తీసుకుని, కొండల మీది పాతవాటి బదులు పంపాల్సిన ఇరవై ఆరు డబ్బాల మీది పెన్సిల్ అంకెలు తుడిచేశాడు. అన్నిటికీ 85.0 రెసిస్టరు అతికాడు. పనంతా పూర్తి కావడానికి రెండు గంటలు పట్టింది. ఇన్నేళ్ళలో అంత వేగంగా ఎప్పుడూ పనిచేయలేదు.

తయారైన డబ్బాలను పరీక్షించే పద్ధతి ఒకటుండేది. ఇనప పెట్టెలో పెట్టి, చుట్టూ గాలిని గడ్డకట్టే చలి నుంచి మండే ఎండ దాకా తిప్పేవారు. ఎంత తిప్పినా లోపలి లెక్క మారకూడదు. ఎనభై అయిదు డిగ్రీల డబ్బాలు ఆ పెట్టెలో పెడితే ఇరవై ఆరులో ఇరవై మూడు తప్పాయి. మూడు మాత్రం నిలిచాయి, వాటి కుదురు పుట్టుకతోనే ఎనభై అయిదు దగ్గర ఉంది గనక. ఆ మూడింటినీ ఆదర్శ క్రిస్టళ్ళుగా ప్రకటిస్తూ నోటీసు బోర్డులో ఫొటోలు పెట్టారు.

మిగతా ఇరవై మూడింటి కోసం కమిటీ మళ్ళీ కూర్చుంది.

"పెట్టెలో వేడి మార్చినప్పుడే తప్పుతున్నాయా?" అని అడిగారు దక్షిణామూర్తి గారు.

"అవును సార్," అంది ఝాన్సీ.

"మార్చకపోతే?"

"మార్చకపోతే తప్పవు సార్. కానీ..."

"అంటే లోపం క్రిస్టల్‌లో లేదు, మార్చడంలో ఉంది. స్థిరత్వాన్ని పరీక్షించడానికి అస్థిరమైన పరిస్థితులు కల్పించడం ఏ తర్కమో నాకు బోధపడటం లేదు. పరీక్షకు కూర్చున్న విద్యార్థి కుర్చీని ఎవరైనా కదుపుతారా?"

పరీక్ష ఏసీ గదికి మారింది. ఇరవై మూడు డిగ్రీలు, కిటికీలు బిగించి, తలుపు సందుల్లో దూది కుక్కి. ఇరవై ఆరూ పాసయ్యాయి. సంస్థ చరిత్రలో నూటికి నూరు రావడం అదే మొదటిసారి.

ఒక్క ఇబ్బంది మిగిలింది. కంపనాలు లెక్కపెట్టే మీటరులో పన్నెండు అంకెలుంటాయి. చివరి మూడు అంకెలు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి, వాటి తత్వమే అంత. సచివాలయం నుంచి కార్యదర్శి గారు చూడటానికొచ్చి, "ఇవెందుకు ఎగురుతున్నాయి?" అని అడిగారు. పరాంకుశం గారు ఆ పూటకేదో చెప్పి తప్పించుకుని, మర్నాడు మీటర్లన్నిటికీ చివరి మూడంకెల మీద నల్ల టేపు అతికించారు. ఆ దెబ్బతో సంస్థలో కదిలే అంకె అన్నది లేకుండా పోయింది. నవంబరులో జాతీయ స్థాయి స్థిరత్వ పతకం వచ్చింది. శాలువాలు కప్పారు. దక్షిణామూర్తి గారు తన ప్రసంగంలో, ఆడిట్ అంటే తప్పులు పట్టడమే కాదు, దిశ చూపడం కూడా అన్నారు.

మైసయ్య వెనక వరుసలో చప్పట్లు కొట్టి, సభయ్యాక దగ్గరికి పోయాడు.

"సార్, మరి నా పేరా..."

"క్షేత్రస్థాయి నివేదిక రానివ్వండి, మైసయ్య గారూ. డబ్బాలు కొండలెక్కాయి. సంతృప్తికరంగా ఉన్నాయని వినియోగదారు శాఖ రాసిన మరుక్షణం పేరా మూసేస్తాను. నాకు మీ మీద వ్యక్తిగతంగా ఏముంటుంది చెప్పండి?"

అదే నిజం. ఆయనకు మైసయ్య మీద ఏమీ లేదు. ఉండి ఉంటే బతిమాలో, తిట్టో, ఎలాగో ఒకలా తీర్చుకోవచ్చు. ఏమీ లేనివాడితో ఏం చేయాలో మైసయ్యకు తోచలేదు.

కొండల మీదినుంచి నివేదిక వచ్చింది. రోజూ మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఏ టవరు మాటా ఏ టవరుకూ అందడం లేదట. పొద్దు వాలగానే అన్నీ మళ్ళీ మాట్లాడుకుంటున్నాయట. ఇదివరకు ఎన్నడూ ఇలా లేదట.

సంస్థ జవాబిచ్చింది. 'మా పరికరాలు ఇరవై మూడు డిగ్రీల వద్ద నూటికి నూరు శాతం స్థిరమైనవి, పతకం పొందినవి. కావున తమరు సదరు కొండలను ఇరవై మూడు డిగ్రీల వద్ద ఉంచవలసిందిగా మనవి.'

వినియోగదారు శాఖ కూడా ప్రభుత్వ శాఖే, అందుకని ఉత్తరం అందగానే అమలు మొదలైంది. ఒక్కో కొండ మీద టవరు గదికి ఏసీ బిగించారు. ఏసీ ఇరవై నిమిషాలు నడిచి పది నిమిషాలు ఆగుతుంది, మళ్ళీ నడుస్తుంది. దాంతో మధ్యాహ్నం మాత్రమే తప్పే లెక్క ఇప్పుడు అరగంటకోసారి తప్పసాగింది. గది మీద తడి గోనెపట్టాలు కప్పమని ఇంకో ఉత్తరం పోయింది. పట్టాలు తడపడానికి మనుషుల్ని పెట్టారు. వాళ్ళు నీళ్ళు మోసుకుంటూ కొండెక్కేసరికి మధ్యాహ్నం దాటిపోయేది. తలుపు తెరిస్తే వేడి గాలి లోపలికొస్తోందని, తలుపులకు సీళ్ళు వేయమని మూడో ఉత్తరం. సీళ్ళు వేశాక ఒక కొండ మీద ఏసీ ఆగిపోయింది. దాన్ని తిరిగి నడపాలంటే లోపలికి పోవాలి. పోవాలంటే సీలు తీయాలి. సీలు తీయడానికి సంస్థ అనుమతి కావాలి. ఆ అనుమతి కోసం వాళ్ళు టవరు మీదినుంచి మాట్లాడబోయారు.

చివరికి కార్యదర్శి గారికి కోపం వచ్చింది. ఇదివరకటి డబ్బాలు పందొమ్మిదేళ్ళు ఎండలో నిలిచాయి, ఇప్పటివి ఎందుకు నిలవడం లేదో పదిరోజుల్లో తేల్చమన్నారు. విచారణాధికారిగా దక్షిణామూర్తి గారినే వేశారు, విషయం మొదటినుంచీ తెలిసినవారని. ఆయన నిష్పక్షపాతంగా తేల్చారు. 'గతంలో టెక్నీషియన్ కె. మైసయ్య ఒక్కొక్క పరికరం మీద అనుమతి లేని వ్యక్తిగత శ్రద్ధ చూపియున్నాడు. తత్ఫలితంగా వినియోగదారు శాఖకు పరికరములు పనిచేయునన్న అలవాటు ఏర్పడినది. ప్రస్తుత అసంతృప్తికి సదరు అలవాటే కారణము.' ఇది పేరా 17కి అనుబంధంగా చేరింది.

ఫిబ్రవరి పందొమ్మిదిన పరాంకుశం గారు మైసయ్యను తన గదికి పిలిపించి, తలుపు వేయించి, మొట్టమొదటిసారి కుర్చీ చూపించారు.

"డబ్బాలన్నీ వెనక్కి తెప్పించాను. నువ్వు ఇదివరకు చేసేవాడివి చూడు, అది... చెయ్యి."

"కుదురు వట్టాల్నా సార్?"

"ఆ మాట నేను అనలేదు. రిజిస్టరులో 85.0 అనే రాయి. డబ్బాల మీద 85.0 స్టిక్కర్లే ఉంటాయి. లోపల ఏం చేస్తావో నాకు తెలియదు. పాత పెట్టెలో పెట్టి చూసినప్పుడు నిలవాలి. నిలిస్తే పేరా మూయించే పూచీ నాది. మార్చి ఆఖరులోగా."

"బెంచీ ఒకటే ఉన్నది సార్. ఒక్కోదానికి ఒకటిన్నర రోజు. ఇరవై ఆరు. ముప్పై తొమ్మిది రోజులైతయి."

"ఆదివారాలు కూడా రా. ఓవర్‌టైము రాయకు. ఎందుకు వచ్చావని అడుగుతారు."

మర్నాడు మొదలుపెట్టాడు. ఈలోగా బూట్లొచ్చాయి. నలుగురు విభాగాధిపతులూ తొమ్మిది మంది గుమాస్తాలూ కలిసి చర్చించి కొన్న సేఫ్టీ బూట్లు, ముందు ఇనప టోపీ ఉన్నవి, అందరికీ ఎనిమిదో నంబరు. సంస్థ ఆవరణలో వేరే పాదరక్షలు నిషేధం, వట్టికాళ్ళు అంతకన్నా నిషేధం. మైసయ్యది పదో నంబరు కాలు. ఝాన్సీది అయిదు. ఆమె లోపల గుడ్డలు కుక్కుకుని, నడిచినప్పుడల్లా గుర్రంలా చప్పుడు చేస్తూ వచ్చేది.

"నన్ను తిట్టుకుంటున్నారా, మైసన్నా?"

"నిన్నెందుకు తిడతనమ్మా. వేళ్ళు మొద్దువారినయి, ఇప్పుడు నొప్పి కూడా తెలుస్తలేదు."

మార్చి పన్నెండు నాటికి పదమూడు అయ్యాయి. ఝాన్సీ వేళ్ళ మీద లెక్కపెట్టి, దగ్గరికి జరిగి మెల్లగా అంది. "మిగతావి పూటకొకటి చేసేయండన్నా. పాత అంకెలు పాత రిజిస్టరులో ఉన్నాయి కదా. వాటినే పెట్టేస్తే పందొమ్మిదికల్లా అయిపోతుంది. చేతిలో పన్నెండు రోజులుంటాయి. ఎవరు చూస్తారు?"

మైసయ్య నల్ల టేపు ఎప్పుడో ఊడబెరికిన మీటరులో కదిలే అంకెలను కాసేపు చూశాడు. ఆశ లేకపోలేదు. ప్లాటు నాలుగు మూలలా తను పాతిన కడీ రాళ్ళు కళ్ళముందుకొచ్చాయి. పాత అంకె ఒకటి గుర్తొచ్చింది, 83.4. కానీ కొలిమి ఒకసారి విప్పి కట్టాక కుదురు కూడా కాస్త జరుగుతుంది. 83.4 కావచ్చు, 83.7 కావచ్చు.

"పన్నెండు గంటల ఎండ చూస్తదమ్మా," అన్నాడు. "ఒకపారి దాని ముంగట సిగ్గుపోయింది. చాలు."

ఒకటిన్నర రోజుకొకటి చొప్పునే చేశాడు. మార్చి ముప్పై సాయంత్రానికి ఇరవై ఆరోది కుదురు మీద కూర్చుంది. ముప్పై ఒకటి పొద్దున పెట్టెలో చలి నుంచి ఎండ దాకా తిప్పి చూశారు. ఇరవై ఆరూ నిలిచాయి. దక్షిణామూర్తి గారు స్వయంగా వచ్చి చూసి, ప్రతి డబ్బా మీదా ఉన్న 85.0 స్టిక్కరును వేలితో తాకి మురిసిపోయారు.

"సమన్యాయం ఫలితమివ్వడానికి కొంత సమయం పడుతుందని నేను మొదటినుంచీ అంటూనే ఉన్నాను," అన్నారు. పేరా 17 మూసివేతకు అక్కడికక్కడే సంతకం పెట్టారు. అభ్యంతరం లేదన్న సర్టిఫికెట్ మీద కూడా పెట్టారు. ఇక దరఖాస్తు మీద డైరెక్టరు గారి సంతకం ఒక్కటే బాకీ.

డైరెక్టరు గారు స్థిరత్వ వారోత్సవాల ముగింపు సభలో ఉన్నారు. సభ రెండింటికి అయిపోవాలి. వందన సమర్పణ మూడున్నర దాకా సాగింది. ఆ తరువాత ఫొటోలు. మైసయ్య కాగితం పట్టుకుని తలుపు పక్కన నిలబడ్డాడు. పరాంకుశం గారు సంతకం పెట్టేసరికి నాలుగు గంటల నలభై మూడు నిమిషాలు. హనుమంతు గడియారం ప్రకారం నాలుగు యాభై నాలుగు అయుంటుందని మైసయ్య మనసులో కలుపుకున్నాడు. అక్కణ్ణుంచి టపా కిటికీ నాలుగు నిమిషాల నడక. చాలు.

చాలేది, తన చెప్పులతో అయితే. ఎనిమిదో నంబరు బూట్లతో మొదటి మెట్టు దగ్గరే బొటనవేలు ముడుచుకుపోయింది. బూట్లు విప్పి చేత్తో పట్టుకుని నాలుగడుగులు వేశాడో లేదో, సెక్యూరిటీ మనిషి అడ్డం వచ్చాడు.

"అన్నా, వట్టికాళ్ళతోని పోనియ్యద్దని సర్క్యులర్. నా మీదికొస్తది. తొడుక్కో."

"జెర పోనీ తమ్మీ, కిటికీ బంద్ అయితది."

"తొడుక్కుని ఉరుకు, నేనొద్దన్ననా."

కూర్చుని, తొడుక్కుని, లేసులు బిగించి, గోడ పట్టుకుని నడిచి కిటికీ చేరేసరికి తొమ్మిది నిమిషాలు పట్టింది. చెక్క తలుపు వేసి ఉంది. లోపల హనుమంతు టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుంటున్నాడు. సందులోంచి గోడ గడియారం కనిపిస్తోంది. అయిదు గంటల మూడు నిమిషాలు.

"ముద్దర కొట్టు హనుమంతూ. అసలు టైము నాలుగు యాభై రెండే. నీకు ఎరికే గద."

"ఎరికే. కానీ రిజిస్టరు మూసిన. మూసిన టైము ఈ గడియారం జూసి రాసిన. ఇప్పుడు దిద్దితే ఆడిట్ల దొరుకుత."

"పైకి రా. లాబ్‌ల ఇరవై ఆరు డబ్బలున్నయి. కోటిల ఒక్కటి తప్పకుండ చెప్తయి టైమెంతనో."

హనుమంతు సంచి భుజాన వేసుకుని తలుపు తాళం పెట్టాడు. చెడ్డవాడు కాదు. మైసయ్య మొహం చూసి రెండు నిమిషాలు ఆగి మరీ చెప్పాడు.

"పోయిన వారమే, స్థిరత్వ వారోత్సవాలల్ల, పరాంకుశం సారు ఈ గడియారం జూసిండు. ఎనిమిదేండ్ల సంది పదకొండు నిమిషాలే ముందుంటది సార్, ఒక్క నిమిషం పెరగలే, ఒక్క నిమిషం తగ్గలే అన్న. 'స్థిరత్వం అంటే ఇదీ' అని భుజం తట్టిండు. దాన్నెవరు ముట్టద్దని కాగితం అంటించిండు. అగో, జూడు."

గడియారం కింద కాగితం ఉంది. సంస్థ ముద్ర, డైరెక్టరు సంతకం, పక్కన దక్షిణామూర్తి గారి పొట్టి సంతకం. హనుమంతు తన బస్సు అందుకున్నాడు.

ఏప్రిల్ నెలంతా కొండల మీద టవర్లు మిట్టమధ్యాహ్నం కూడా మాట్లాడుకున్నాయి. అందరికీ ఎనభై అయిదు అన్న పద్ధతిని ఇతర సంస్థలకు నేర్పడానికి దక్షిణామూర్తి గారిని ఢిల్లీ పిలిచారు.

ప్లాటు ఎవరికి పోయిందో మైసయ్య అడగలేదు. అండాలే సొసైటీ ఆఫీసుకు పోయి కనుక్కుని వచ్చి, గడప మీద కూర్చుని, ఎంత పోయిందో ఒకసారి చెప్పమంది. చెప్పాడు. నంబరు 88. తూర్పు ముఖం. ముందు ఇరవై నాలుగు అడుగులు, లోపలికి యాభై. నూట ముప్పై మూడు గజాలు, ఆ మీద మూడు చదరపు అడుగులు.